మొగ్గ గుర్తు

టాటా పాసింజరు ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది. మావాళ్లందరూ ఎక్కేశారు. రత్నాలు మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని కిందనే నిలబడిపోయింది.

"నా గిన్నెల క్యారేజీ ఎక్కడుందో సెప్పమనండి బావగారూ. అప్పుడెక్కుతాను," అంది. మాట నాతోనే గాని, చూపు మాత్రం కిటికీ పక్కన కూర్చున్న దేముడి మీద.

దేముడు నా తమ్ముడు. వర్క్‌షాపులో ఫిట్టరు. రత్నాలు వాడి భార్య. వారం రోజులుగా ఇద్దరి మధ్యా మాటలంటే ఈ క్యారేజీ మాటలే.

"ఎన్నిసార్లు సెప్పాలి? షెడ్డులో ఎవడో ఎత్తుకుపోనాడు," అన్నాడు దేముడు.

"నాలుగు గిన్నెల క్యారేజీ ఎత్తుకుపోయినోడు పక్కనున్న నీ వాచీ ముట్టుకోలేదేటి? నా పెళ్లి క్యారేజీ మీదే మోజేటి ఆడికి?"

"రత్నాలూ, నలుగురూ సూస్తన్నారు."

"సూడనీ. ఆదివారం ఆదివారం ఓవర్‌టైమని ఎల్తావు. వచ్చేసరికి నీ సొక్కాకి గ్రీజు వాసనుండదు. ప్యాంటు అంచుల నిండా ముళ్లగడ్డి గింజలు. వర్క్‌షాపులో గడ్డి మొలుస్తాదేటి?"

గార్డు ఈల ఊదాడు.

మా ఆవిడ అప్పలకొండ తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఎక్కవే తల్లీ. ఖరగ్‌పూర్ మొత్తానికి టిక్కెట్లేని సినిమా సూపించకు."

బండి కదలబోతుండగా ఎక్కింది రత్నాలు. ఎక్కి, మొగుడికి ఎదురు సీట్లో కూర్చుంది. పక్కన కాదు.

ఈ ప్రయాణం నా ఆలోచనే. ఘాట్‌శిల, దాని తర్వాతి స్టేషను గాలూడీ, రెండు కొండ ఊళ్లూ ఒక్క రోజులో చూసి వచ్చేద్దాం, చిన్నదానికి రైలు సరదా తీరుతుంది అన్నాను. అసలు సంగతి వేరు.

నాది గోల్‌బజారులో పాత్రల కొట్టు. గిన్నెకి సన్నపగులుంటే కంటికి కనపడదు. వేలితో మోగించాలి. బాగున్న గిన్నె మోత సాగుతుంది. పగులున్నది టక్కున ఆగిపోతుంది. మనిషి కూడా అంతే. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే దేముడు ఎప్పటికీ చెప్పడు. అందుకే వాడిని టాటా లైను పొడుగునా తీసుకెళ్లి, ఏ ఊళ్లో మోత మారుతుందో చూడాలనుకున్నాను. ఆదివారాలు వాడు టాటా వైపు బండి ఎక్కడం మా బజారు మనిషే చూశాడు.

ఈ సాయంత్రానికి నిజం తేలకపోతే రేపటి బండికి ఇచ్ఛాపురం పుట్టింటికి పోతానని రత్నాలు తేల్చి చెప్పేసింది. పోతే తమ్ముడి సంసారమొక్కటే కాదు. మేముండే ఝపటాపూర్‌లో మా ఇంటి పేరు పోతుంది. మన తెలుగు కుటుంబాలు పెళ్లి సామాను నా దగ్గర కొనేది స్టీలు చూసి కాదు, ఇంటిని చూసి. తమ్ముడు రెండో కాపురం పెట్టాడన్న మాట బజారెక్కితే, ఆడపిల్లకి ఇచ్చే బిందె మా కొట్లో ఎవరు కొంటారు? ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే స్వార్థం అంటారు. స్వార్థం లేని లెక్క ఏదో నాకు తెలియదు.

ఝార్‌గ్రామ్ దాటాక సాల అడవి మొదలైంది. పక్క సీట్లలో కలకత్తా బాబులు, మంకీ క్యాపులు, ఫ్లాస్కులు. గాలి మార్పు కోసం కొండ ఊళ్లకి పోతున్నారు. మా అమ్మ జోగమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను ఆ సంచి అందుకుని పైన పెట్టబోతే కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటుందమ్మా అందులో?"

"నా మందులు."

"మందులు అంత బరువేటి?"

"ముసిలిదాన్ని. బరువైన రోగాలు."

అప్పలకొండ పులిహోర డబ్బా మూత తీసి సర్దుతోంది. చూస్తే నిండా ఉంది. ఇంకొకటి దాని కింద.

"మనం తినేది ఇంతా? అంత ఎందుకు కలిపినావు?" అన్నాను.

"కొండగాలికి ఆకలేస్తాదట. బాబులు సెప్పుకుంటన్నారు ఇన్లేదా?" అంది. నా వైపు చూడకుండా అంది. ఆ చూడకపోవడాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను.

ఘాట్‌శిలలో దేముడి మోత చక్కగా ఉంది. సువర్ణరేఖ ఒడ్డున రాళ్ల మీద కూతురు బుల్లిని భుజాన ఎక్కించుకుని గెంతాడు. ఫూల్‌డుంగ్రీ గుట్ట ఎక్కుతూ అప్పలకొండని వదినా వదినా అని ఆటపట్టించాడు. "వదినా, నువ్వెక్కితే గుట్ట కొంచెం కిందకి దిగినాది సూసినావా?" అన్నాడు. రత్నాలు నవ్వు రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైనుంచి చూస్తే కొండలు నీలంగా ఒకదాని వెనక ఒకటి దొంతర పెట్టినట్టున్నాయి, మా కొట్లో బేసిన్లలాగ.

ఇక్కడేమీ లేదు, అనుకున్నాను.

దిగి వస్తూ, "సరే, గాలూడీ బండికి టైమవుతాంది. పదండి," అన్నాను.

మోత ఆగింది.

"గాలూడీలో ఏటుంది అన్నియ్యా?" అన్నాడు దేముడు. "అదీ ఒక ఊరేనా? నాలుగు పాత మేడలు, గులాబీ తోటలు, నలుగురు దగ్గే ముసిలి బాబులు."

"నువ్వెప్పుడు సూసినావు?"

"బండిలోంచి."

"బండిలోంచి దగ్గు ఇనిపిస్తాదేటి?" అంది రత్నాలు.

అమ్మ కల్పించుకుంది. "ఎండెక్కినాది నాయనా. నా మోకాళ్లు పీకుతన్నాయి. తిరుగుబండి ఎక్కీద్దాం."

జనవరి నెల. అందరం శాలువాలు కప్పుకుని ఉన్నాం. ఎండెక్కడిది? ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే మాటని రెండు రకాలుగా చెబితే, ఆ ఇద్దరూ ముందే కలిసి మాట్లాడుకున్నారని అర్థం. తమ్ముడి మీదున్న అనుమానం ఇప్పుడు అమ్మ మీదకి కూడా పాకింది.

"మోకాళ్లకే కదా. రిక్షా కడదాం," అన్నాను.

గాలూడీ చిన్న స్టేషను. బయటికొస్తే మట్టిరోడ్డు రెండుగా చీలుతుంది.

"ఎటు పోదాం?" అని దేముడినే అడిగాను.

"కుడిపక్కకి. అటు ఏరుంది," అన్నాడు ఆగకుండా. ఎడమవైపు తల కూడా తిప్పలేదు.

ముప్ఫై ఏళ్లుగా బేరాలు చూస్తున్నాను. నిజంగా కొనదలచుకున్న గిన్నె వైపు కొనేవాడు చూడడు. పక్క గిన్నె రేటు అడుగుతాడు.

"ఎడమపక్కకి పోదాం," అన్నాను.

"అన్నియ్యా..."

"ఏటి?"

"ఏట్లేదు."

అమ్మ రిక్షాలో, మేం వెనక. రోడ్డుకి రెండువైపులా తాళాలు వేసిన పాత మేడలు. సున్నం రాలి ఇటుకలు బయటపడ్డ గోడలు, పేర్లు చెరిగిపోయిన గేట్లు. గట్ల మీద మోకాలెత్తు ముళ్లగడ్డి. రత్నాలు వంగి తన చీర అంచుకి గుచ్చుకున్న గింజ ఒకటి తీసింది. అరచేతిలో పెట్టుకుని మొగుడికి చూపించింది. ఆ గింజని పారెయ్యకుండా గుప్పిట్లో మూసుకుంది.

అప్పలకొండ నా పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "ఇక్కడితో ఆపీండి. వెతికితే దొరుకుతాది. దొరికినాక ఏటి సేస్తారు?"

"నీకేటి తెలుసు?"

"నాకేటి తెలుస్తాది. వొంటింట్లో మనిషిని."

ముగ్గురు, అని లెక్కపెట్టుకున్నాను. ఇంట్లో నాకూ రత్నాలుకీ తప్ప అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది.

చివరి మేడ పసుపురంగుది. దాని వెనక తోటమాలి గదుల్లాంటి రెండు పెంకుటి గదులు. కంచె కర్రలకి గిన్నెలు బోర్లించి ఆరబెట్టి ఉన్నాయి. ఒకే సైజు గిన్నెలు నాలుగు.

ముందు చూసింది రత్నాలే. కూతురి చెయ్యి వదిలేసి పరుగెత్తింది. ఒక గిన్నె లాగి తిరగేసింది. అంచు కింద తెలుగులో రత్నాలు అని పేరు, పక్కన మొగ్గ.

ఆ పేరు చెక్కింది నేనే. మా ఊరి తెలుగువాళ్ల విందుల్లో అందరిళ్ల గిన్నెలూ కలిసిపోతాయి. ఎవరివి వాళ్లు ఏరుకోవడానికి పేరు చెక్కించుకుంటారు. కొన్నవాళ్లందరికీ ఉలితో పేరు చెక్కి ఇస్తాను. మొగ్గ మాత్రం బయటివాళ్లకి పెట్టను. అది మా నాన్న నాటి గుర్తు, మా ఇంటి పాత్రలకే.

"షెడ్డులో పోయిందన్నావు కదా!" రత్నాలు గొంతు చిరిగింది. "ఎవత్తివే లోపల? బయటికి రా! నా గిన్నెల్లో కూడు తినే మనిషి మొకం సూడనీ!"

లోపల ఎవరో దగ్గారు. ఆడమనిషి దగ్గు. లోతుగా, విడవకుండా.

కాని బయటికి వచ్చింది మగమనిషి. లుంగీ మీద రైల్వే స్వెట్టరు. రత్నాలు తెల్లబోయింది. అతను ఆమెని చూడలేదు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రండి బావగారూ," అన్నాడు.

మా ఊరి పూరీ గేట్ తిమోతి. ఏడేళ్ల కింద మా చెల్లెలు పైడితల్లి ఇల్లు దాటి వెళ్లింది ఈ మనిషితోనే. చర్చిలో పెళ్లయిందని విన్న రోజున, ఇంట్లో ఆమె పేరున్న పాత్రలన్నీ కొట్టుకి తెప్పించి, ఆ పేరు ఆకురాయితో అరగదీశాను. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తకూడదన్నాను. ఎత్తలేదు.

ఎత్తలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

"బావగారేటి? ఎవరీయన?" రత్నాలు ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. "అక్కా, నువ్వు సెప్పు. అత్తా!"

అమ్మ రిక్షా దిగింది. మోకాళ్లు పీకుతున్న మనిషి చకచకా నడిచి, మమ్మల్ని దాటి, గుమ్మం పక్కన చెప్పులు విడిచింది. వంగి కిటికీ కింద చాటు మూలనున్న కుండ మూత తీసి, నీళ్లు ముంచుకుని తాగింది. ఎప్పుడూ రాని ఇంట్లో మంచినీళ్ల కుండ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు.

"నెలనెలా రైల్వే ఆసుపత్రికి కాలు సూపించుకోడానికి ఎల్తన్నానన్నావు," అన్నాను.

"దేముడు తోడొచ్చేవోడు కదా," అంది అమ్మ తాపీగా. "బండి ఎక్కేదాన్ని. రైల్వే అన్న మాట అబద్ధం కాదు."

దేముడు రత్నాలు దగ్గరికి వెళ్లాడు. "పైడి అని, మా సెల్లి. దానికి గుండెల్లో నీరు పట్టినాది. పొడిగాలి మంచిదని తిమోతి ఈ టేసన్‌కి మార్పించుకున్నాడు. అమ్మ వండింది ఆదివారాలు నాను తెస్తన్నాను. అమ్మ క్యారేజీ చిన్నదని నీది తెచ్చినాను. ఆ రోజు దీని వొంట్లో బాగోలేదు, ఆ కంగారులో మర్చిపోనాను. అంతే."

"నాకొక ఆడబడుచుందా?"

దేముడు నా వైపు చూశాడు.

"పెళ్లయ్యి అయిదేళ్లు. మనింట్లో చెంబు మీద అరగదీసిన చోటొకటుంది. ఇదేటని అడిగినాను. కొట్లో తప్పు పేరు పడిందన్నారు." రత్నాలు నా వైపు తిరిగింది. "ఆ చెంబుతోనే రోజూ నీళ్లు తాగినాను బావగారూ."

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "పోనీ నువ్వైనా నాకెందుకు సెప్పలేదు?"

"నీకు సెబితే వొదినకి తెలుస్తాది. వొదినకి తెలిస్తే అన్నియ్యకి తెలుస్తాది."

"వొదినకి ముందే తెలుసు," అంది అప్పలకొండ. "ఇన్నాళ్లూ అన్నియ్యకి తెలీలేదు. మరి ఎవరి నోరు మంచిదో సూసుకోండి."

ఇంకోరోజైతే నవ్వు వచ్చేదేమో. నేను అప్పలకొండ చేతిలో డబ్బాల వైపు చూశాను. కింది డబ్బాని ఎవరూ ముట్టుకోలేదు. అది ఎవరి కోసం కలిపిందో ఇక అడగనక్కర్లేదు.

"అయితే అందరూ కలిసి నన్ను ఇక్కడికి తెచ్చినారన్నమాట," అన్నాను.

"నిన్నెవరు తెచ్చినారు?" అంది అమ్మ. "నువ్వే మమ్మల్ని తెచ్చినావు. ఎలాగూ తెస్తన్నావు కదాని వొండుకు తెచ్చినాం." మందులన్న సంచిలోంచి మూతగిన్నె తీసి గుమ్మంలో పెట్టింది.

అప్పుడు గుమ్మంలోకి ఒక చిన్నపిల్ల వచ్చింది. నాలుగేళ్లుంటాయేమో. నుదురు అచ్చం పైడిదే. చేతిలో చిన్న స్టీలు గిన్నె.

ఆ గిన్నెని అంత దూరం నుంచే గుర్తుపట్టాను. కిందటి నెల అమ్మ ఎన్నడూ లేనిది తనే కొట్టుకి వచ్చింది. ఆసుపత్రిలో తన కాలికి కట్టు కట్టే నర్సమ్మ మనవరాలికని గిన్నె ఏరుకుంది. జ్ఞానరత్నం అని చెక్కమంది. సరే అని చెక్కాను. పక్కన మొగ్గ కూడా పెట్టమంది. బయటివాళ్లకి పెట్టనమ్మా అన్నాను. "ఎప్పుడైనా నిన్ను ఏదైనా అడిగినానా?" అంది. ముసలిదాని చాదస్తం, పోనీ అనుకున్నాను. ఉలి చివర తుడిచి, శ్రద్ధగా మొగ్గ పెట్టాను.

బేరంలో నన్ను మోసం చేసినవాడు గోల్‌బజారులో లేడు. అమ్మ నా చేతే, నా ఉలితోనే, ఆ పిల్లని మా ఇంటి లెక్కలో వేయించింది.

పిల్ల నా ముందుకి వచ్చి నిలబడింది. "మీరు గిన్నెల మావేనా? మామ్మ సెప్పినాది. నా పేరు మీరే రాసినారంట." అని గిన్నె నా ముందుకి చాపింది. అందులో ఏమీ లేదు.

లోపల్నుంచి గొంతు వినిపించింది. ఏడేళ్ల తర్వాత వింటున్నాను. సగం ఊపిరే ఉంది అందులో.

"గ్యానా, గిన్ని లోపలికి తెచ్చీమ్మా. ఖాళీ గిన్ని ఆయన ముందు పెట్టకు. ఆయన లెక్క సూసుకునే మనిషి."

తిమోతి తలదించుకున్నాడు. "పైడిని రేపు టాటా ఆసుపత్రిలో సేర్చమన్నారు బావగారూ," అన్నాడు. "ఎన్నాళ్లో తెలీదు. నాకు డ్యూటీ. పాపని ఎక్కడుంచాలా అని దేముడూ నానూ వారం నుంచి..."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఝపటాపూర్‌లో ఇల్లు నా పేరనే ఉంది.

నేను లెక్క వేస్తున్నాను. జ్ఞానరత్నం అనే పేరున్న పిల్ల రేపట్నుంచి మా గుమ్మంలో కూర్చుంటే, బజారు ఏమంటుంది? కొట్టు చూసుకోడానికి ఉండిపోయిన మా పెద్దకొడుక్కి సంబంధాలు చూస్తున్నాం. అవతలివాళ్లు ఏమంటారు? ఏడేళ్ల కింద నేనన్న మాట ఏమవుతుంది?

"ఆలోసిస్తన్నారా బావగారూ?" రత్నాలు కంచె మీది గిన్నెలన్నీ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి, క్యారేజీ బిగించింది. ఇందాకటి చిరిగిన గొంతు కాదది. "తీరిగ్గా ఆలోసించండి. నేను పొద్దున్న ఏటి సెప్పినాను? నిజం తేలకపోతే రేపటి బండికి ఇచ్ఛాపురం ఎల్తానన్నాను. తేలింది. ఇప్పుడు ఇంకో మాట సెబుతున్నాను. ఈ గుంట మనింటికి రాకపోతే రేపటి బండికే ఎల్తాను. ఇద్దరు గుంటల్నీ తీసుకుని ఎల్తాను."

"రత్నాలూ!" అన్నాడు దేముడు.

"నువ్వు నోరు ముయ్యి. నీ ముళ్లగడ్డి లెక్క ఇంకా తేల్లేదు." గుప్పిట తెరిచి గింజని నేల మీద పడేసింది.

పిల్ల ఇంకా చెయ్యి చాపే ఉంది. అమ్మ గుమ్మంలోంచి, "జగ్గా, గిన్ని పట్టుకో. గుంటకి సెయ్యి నొప్పెడతాంది," అంది.

పట్టుకున్నాను. పట్టుకోవడం ఒప్పుకోవడం కాదు అనుకుంటూనే పట్టుకున్నాను. చేతిలోకి గిన్నె వస్తే నాకొక అలవాటుంది. పైడి చిన్నప్పుడు కొట్లో నా పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, మోత వినే ఏది పగులో ఏది మంచిదో చెప్పేది.

వేలు ముడిచి అంచు మీద కొట్టాను.

గిన్నె మోగింది. మోత సాగింది.

ఆ మోత వినడానికన్నట్టు లోపల దగ్గు ఆగింది.